కాటా దగ్గర గొంతులు

గుంటూరు మిర్చి యార్డులో రాత్రి పదిన్నరకి
తుమ్మకుండా మ్యాచ్ చూసినవాడు లేడు.
పల్నాడు లారీలు గేటు బయట వరసకట్టి ఉంటే
కాటా పక్కన టిక్కీ మీద టిక్కీ వేసి
ఆ పైన షావుకారు పాత టీవీ పెట్టుకున్నాం.

క్రికెట్టుకి తెలుగులో చెప్పేవాళ్ళు అరడజను మంది.
బంతిని కాలితో తన్నే మనవాళ్ళకి ఒక్కడూ లేడు.
వచ్చేది ఇంగ్లీషు, కాదంటే హిందీ.
మాకు రెండూ సగం సగమే వచ్చు,
తిట్టడానికి ఆ సగం చాలు.

హమాలీ జోజి గొంతుల్ని కాయల్లా చూస్తాడు,
గుప్పెట్లో నలిపి, వాసన చూసి, ధర కడతాడు.
"ఈ ఇంగ్లీషాయన బాడిగ రకం.
రంగు చూడు, ఎంత రంగో! కొరికితే ఘాటుండదు.
మనోడు కిందపడి మోకాలు పట్టుకుంటే
లండన్లో ఏదో క్లబ్బు సంగతి చెబుతాడు."
"మరి హిందీ ఆయన?"
"వేలం పాట. సగం గీత దాటకముందే గోలంటాడు.
త్రో ఇన్‌కీ అదే అరుపు, పెనాల్టీకీ అదే అరుపు."
"ఆ పక్కన కూర్చున్న పాత ఆటగాడు?"
"తేమ. నీళ్ళు చల్లి తెచ్చిన సరుకు.
కాటా మీద బరువు తూగుద్ది,
ఎండబెడితే 'మా రోజుల్లో' అన్న ముక్కే మిగులుద్ది."

నాగుల్ మీరా ఒప్పుకోడు.
"హిందీ ఆయన్ని ఏమీ అనమాక.
ఓడిపోయిన మ్యాచ్ కూడా ఆయన గొంతులో
ఇంకో నిమిషం బతుకుద్ది."
ఆ ఒక్క నిమిషం కోసం వాడు
ఇంటి నుంచి ఫోనొచ్చినా ఎత్తడు.

తొడిమలు తీసే శౌరమ్మ రాత్రి పనికి రాదు,
మ్యాచ్ ఉంటే మాత్రం వస్తుంది.
ఫిరంగిపురం బళ్ళో చదివినన్నాళ్ళూ
గోలు ముందు నిలబడ్డ మనిషి.
ఆమెది ఒకటే ఫిర్యాదు:
"గోలీ పేరు గోలు పడ్డాకే ఎందుకు పలుకుతారు వీళ్ళు?
ఆపినప్పుడేమో బంతి బయటికి పోయిందంటారు.
దానంతటదే పోయిందా?"
ఆ పలికే పేరు కూడా సరిగ్గా పలకరు. లాల్‌థన్‌మావియా.
ఇంగ్లీషాయన నడుం దగ్గర విరిచేస్తాడు,
హిందీ ఆయన తోక మింగేస్తాడు.
"పోయిన వారం అతనే చెప్పుకున్నాడు కదా మైకులో.
నేను విన్నాను. వీళ్ళు వినలేదా?"

నేను కాటా గుమాస్తాని. నాకూ ఒక అభిప్రాయం ఉంది.
ఎవరూ అడగలేదు.

అరవై రెండో నిమిషంలో మాట ఆగిపోయింది.
బొమ్మ ఉంది, మాట లేదు.
ఎలక పనో, తీగ పనో,
జోజి టీవీ నెత్తి మీద నాలుగు చరిచి వదిలేశాడు.
నోరు మూస్తే బాగుండని మేం ఇన్నాళ్ళూ అనుకున్న ముగ్గురూ
నిజంగానే మూశారు.

ఎంత పలచబడిపోయిందో ఆట!
పచ్చగడ్డి మీద ఇరవై రెండు మంది
దారి అడగడానికి మొహమాటపడుతున్నట్టు తిరుగుతున్నారు.
తిట్టడానికి మనిషి లేక
జోజి బీడీ తీసి, యార్డని గుర్తొచ్చి, చెవి మీద పెట్టుకున్నాడు.
"ఏదో ఒకటి అనండ్రా" అన్నాడు నాగుల్ మీరా.

శౌరమ్మ లేచింది.
అది కామెంటరీ కాదు.
"కుడి పక్కనుంచి వస్తున్నాడు, చూసుకో నాన్నా.
ముందుకి రాకు.
రాకు.
ఇప్పుడు రా."
అతను వచ్చాడు.
మూడుసార్లు ఆపాడు. మూడుసార్లూ పేరు పిలిచింది,
పూర్తిగా, ఎక్కడా విరక్కుండా.
నాలుగోసారి బంతి అతని వేళ్ళకి తగిలి లోపలికి పోయింది.
అప్పుడు మాత్రం
ఆమె ఆ పేరు పలకలేదు.

ఎవరో తుమ్మారు. మ్యాచ్ అలా అయిపోయింది.

తెల్లారి షావుకారు చీటీ పట్టుకొచ్చాడు.
"ఎవరయ్యా ఈ లాల్‌థన్‌మావియా? ఏ ఊరి రైతు?
నలభై టిక్కీలు రాశావు."
చూస్తే నా చేతిరాతే.
కొట్టెయ్యమన్నాడు. కొట్టేశాను.
మాచవరం అంకారావు పేరు పక్కనే ఇరికించాను.
అడ్డగీత కింద పాత పేరు ఇంకా చదవొచ్చు.
రకం అన్న గడిలో
తేజ అనే ఉంచాను.